దివిసీమ దారిలో ఒక సిఫారసు ఉత్తరం



గత నవంబరు మూడో వారంలో రెండు రోజుల పాటు గుడివాడ, బందరు, దివిసీమ తిరిగి వచ్చాను. కూడికల కోసం కాదు, ఒక ఉత్తరం కోసం. నేను పూర్వం కాపరిగా ఉన్న దివిసీమ సంఘం నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. "అయ్యగారూ, మా అమ్మాయికి గల్ఫులో నర్సు ఉద్యోగం వచ్చింది. దాని నడవడి మంచిదని మీరొక ఉత్తరం రాసివ్వాలి. ఏజెంటు తొందర చేస్తున్నాడు" అన్నాడు.

పది నిమిషాల్లో రాసి పంపదగిన ఉత్తరమే. కాని అలాంటి ఉత్తరం రాసి నేను ఒకసారి పొరపాటు చేశాను. ఈసారి కళ్ళారా చూసి రాద్దామని బయలుదేరాను. దారిలో చూసినవి, విన్నవి మీ ముందు పెడితే మీ ఇంటి ఆడపిల్లకు ఉపయోగపడతాయని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట గుడివాడలో రైలు దిగి, విశ్రాంత ఉపాధ్యాయులైన ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన కుమార్తె నాలుగేళ్ళుగా ఇంగ్లాండులో నర్సు. నేను వచ్చిన పని చెప్పగానే మాష్టారు బీరువాలోంచి లావుపాటి ఫైలు తీశారు. నాలుగేళ్ళ బీయస్సీ నర్సింగ్ పట్టా, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నమోదు, విజయవాడ ఆసుపత్రిలో చేసిన పనికి అనుభవ పత్రం, ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి. ఆ తరువాత ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష. రాత భాగంలో రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. మన దేశంలోనే కంప్యూటరు మీద ఒక పరీక్ష రాసింది. అక్కడికి వెళ్ళాక చేసి చూపించే ఓస్కీ అనే పరీక్ష ఇంకొకటి. విమానం టిక్కెట్టు ఆసుపత్రివారే పెట్టుకున్నారు. ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర ఏజెన్సీ రుసుము తీసుకోకూడదని బ్రిటన్ నియమావళిలోనే ఉంది.

"మూడేళ్ళు పట్టింది పాస్టరుగారూ. తొందరపడి ఉంటే మూణ్ణెల్లలో వెళ్ళేది. దానితోపాటు ఈ ఇల్లు కూడా వెళ్ళిపోయేది" అన్నారు మాష్టారు.

ఆయన భార్య మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని వచ్చి టీ ఇచ్చారు. "మా పిల్ల అక్కడ ఎవరి తల్లికో ఒళ్ళు తుడుస్తోంది. ఇక్కడ నా మోకాళ్ళకు మందు రాసేవాళ్ళు లేరు" అని నవ్వుతూ అన్నారు. మాష్టారు నవ్వలేదు. ప్రార్థన చేసి లేచాను గాని, ఆ మాట బందరు దాకా నాతోనే వచ్చింది.

గుడివాడ నుంచి బందరు రైల్లో వెళ్తుంటే గుడ్లవల్లేరు, కవుతరం, పెడన వరుసగా వస్తాయి. వరి పండి తలలు వంచింది. మధ్యమధ్య చేపల చెరువులు. ఎదుటి సీటులో కూర్చున్న పెద్దాయన నా చేతిలో బైబిలు చూసి మాట కలిపాడు. విషయం చెబితే ఇలా అడిగాడు: "అప్పట్లో దొరసానులు సేవ కోసం వచ్చారండి. ఇప్పుడు మన పిల్లలు జీతం కోసం పోతున్నారు. రెండూ ఒకటెలా అవుతాయి?"

ఆలోచించవలసిన ప్రశ్నే. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు బందరుకు వచ్చింది 1841లో. 1843లో నోబుల్ పెట్టిన బడే తరువాత నోబుల్ కళాశాల అయింది. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి ఈ పట్టణంలో, చుట్టుపక్కల సుమారు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు కూడా నోబుల్ ఇక్కడే ఉన్నారు. మరుసటి సంవత్సరం ఇక్కడే కన్నుమూశారు. కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరుకు అమెరికా నుంచి డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచారు. 1890లలో ఆమెకు తోడుగా వచ్చినవారు నర్సు కేథరిన్ ఫాస్. విదేశీ నర్సు అంటే ఇవాళ మన పిల్లలు గుర్తుకు వస్తున్నారు. ఒకనాడు మన జిల్లాలకే విదేశీ నర్సులు వచ్చారు. రోగిని తాకితే అంటు అనుకున్న ఆ రోజుల్లో తాకి చూపించారు. ఆ చేతుల దగ్గర నేర్చుకున్నవాళ్ళు మన అమ్మమ్మలు, మేనత్తలు.

జీతం తీసుకోవడం తప్పు కాదని ఆ పెద్దాయనకు చెప్పాను. పనివాడు జీతానికి పాత్రుడని ప్రభువే చెప్పాడు గదా. కాని ఇద్దరి మధ్య ఒక తేడా ఉన్న మాట నిజం. ఆ మిషనరీ నర్సు వెనుక ఒక సంఘం ఉండేది. ఓడ ఖర్చు వారిదే. ఉండే ఇల్లు వారే చూసేవారు. జబ్బు చేస్తే వెనక్కి పిలిపించుకునేవారు. ఇవాళ మన పిల్ల వెనుక ఎవరున్నారు? చాలాసార్లు ఒక ఏజెంటు, ఆ ఏజెంటు కోసం చేసిన అప్పు.

ఆ సంగతి నాకు తెలియజెప్పిన ఇల్లు బందరులోనే ఉంది. కోనేరు సెంటరులో బస్సు దిగి అక్కడికి నడుస్తుంటే కాళ్ళు తడబడ్డాయి. ఏడేళ్ళ క్రితం ఒక ఏజెంటు మా ఆరాధనకు వచ్చి, కానుక వేసి, సాక్ష్యం చెప్పి, నర్సులు కావాలని ప్రకటన చేయమన్నాడు. నేను చేశాను. జీయన్ఎమ్ చదివిన ఒక అమ్మాయికి ఉత్తరం కూడా రాసిచ్చాను. వాళ్ళు మూడు లక్షలు కట్టారు. ఆ పిల్లను పంపింది సందర్శక వీసా మీద. అక్కడ ఆసుపత్రి లేదు. ఒక ఇంట్లో ముసలాయనను చూడటం, వంట చేయడం, గిన్నెలు తోమడం ఆమె పని అయింది. పాస్‌పోర్టు ఆ ఇంటివారు దాచారు. నాలుగు నెలల తరువాత మన రాయబార కార్యాలయం సాయంతో ప్రాణాలతో తిరిగివచ్చింది.

ఇప్పుడు ఆమె ఈ చుట్టుపక్కల ఒక ఆసుపత్రిలోనే పనిచేస్తోంది. తల్లి నన్ను ఆదరంగా కూర్చోబెట్టింది. ఆవిడ మెడలో పాత నాంతాడు లేదు, చిలకలపూడి గొలుసు ఉంది. నా చూపు అటు పోవడం గమనించి, "ఇంకో సంవత్సరంలో తీరిపోతుందండి అయ్యగారూ" అంది. ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. అనుంటే నాకు తేలికగా ఉండేది. క్షమించమని అడిగాను. మోకరించి ముగ్గురం ప్రార్థన చేశాం. నేను దివిసీమకు వెళ్తున్నానని తెలిసి ఆ అమ్మాయి, "వీసా మీద ఏమి రాసి ఉందో ముందు చూడండి అయ్యగారూ. మిగతావన్నీ తరువాత" అని చెప్పి పంపింది.

మర్నాడు ఉదయం బస్సులో చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ చేరాను. అక్కడి ఉప్పెన స్మారక స్తూపం ముందు కాసేపు నిలబడ్డాను. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి పది వేల మందికి పైగా ప్రాణాలు తీసుకుపోయింది. ఆ రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి ఈ సీమలో కట్లు కట్టారు, గంజి కాచారు, శవాలను పూడ్చారు. ముక్కూమొహం తెలియనివారి చేత సేవ చేయించుకున్న నేల ఇది. ఈ నేల బిడ్డ ముక్కూమొహం తెలియనివారికి సేవ చేయబోతే అడ్డుపడటానికి మనసు రాదు.

అవనిగడ్డ దాటి సముద్రం వైపు ఆ ఊరికి వెళ్ళేసరికి ఎండ ఎక్కింది. అరుగు మీద ఒక మామ్మ నన్ను గుర్తుపట్టి, "ఈ పిల్ల సెలవుకు వచ్చినప్పుడల్లా నాకు బీపీ చూస్తదయ్యా. ఇదీ పోతే నాకెవరు చూస్తారు?" అంది. ఆ ప్రశ్న ఆమెది మాత్రమే కాదు. 2023లో ప్రపంచంలో సుమారు 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారని, ఇంకా 58 లక్షల మంది కొరత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో చెప్పింది. ప్రపంచంలో ప్రతి ఏడుగురు నర్సులలో ఒకరు వేరే దేశంలో పుట్టినవారే. ధనిక దేశాలు తమ కొరతను మన పిల్లలతో తీర్చుకుంటున్నాయి. మన ఊళ్ళ కొరత మనకే ఉండిపోతోంది. ఇలాంటి నియామకాలు న్యాయంగా జరగాలని ఆ సంస్థ 2010లోనే ఒక నియమావళి చేసింది. కాని విజయవాడలో రాత్రి డ్యూటీలు చేస్తే తనకు ఇచ్చేది పన్నెండు వేలని ఈ అమ్మాయి చెప్పినప్పుడు, ఇక్కడే ఉండిపొమ్మని ఏ నోటితో చెప్పను?

భోజనం అయ్యాక కాగితాలు తెమ్మన్నాను. ఆఫర్ లెటరులో ఆసుపత్రి పేరుంది గాని జీతం లేదు, డ్యూటీ గంటలు లేవు. వీసా సందర్శక వీసా. అక్కడికి వెళ్ళాక మారుస్తారట. అడిగినది రెండున్నర లక్షలు. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ నమోదు ఉండాలి. అతను తీసుకోదగిన సేవా రుసుము ముప్పై వేలు, దానిమీద పన్ను, అంతే. ఆ నమోదు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఆ అమ్మాయి ఫోనులోనే చూశాం. ఆ పేరు లేదు.

తండ్రి ముఖం ఎర్రబడింది. "ఈ అవకాశం పోతే మళ్ళీ మీరిప్పిస్తారా అయ్యగారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. బందరు ఇంటి సంగతి, నా తప్పుతో సహా, మొత్తం చెప్పాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఆ పిల్లే, "నాన్నా, అడ్వాన్సు కట్టొద్దు. నేను వెళ్తాను, కాని నర్సుగానే వెళ్తాను" అంది.

ప్రియులారా, రోమా పత్రిక పదహారవ అధ్యాయం మొదట్లో ఫీబే అనే సహోదరి కనబడుతుంది. ఆమెను మన తెలుగు బైబిలు పరిచారకురాలు అంటుంది. నర్సుకూ మనకున్న మాట అదే. ఆమె కెంక్రేయ నుంచి రోమాకు వెళ్తుంటే పౌలు సిఫారసు రాశాడు. అయితే ఆమె మంచిదని చెప్పి ఊరుకోలేదు. ఆమెకు ఏది అవసరమైతే దానిలో సహాయం చేయమని అక్కడి సంఘాన్ని కోరాడు. నేను ఏడేళ్ళ క్రితం రాసిన ఉత్తరంలో మొదటి సగమే ఉంది. రెండో సగం లేదు.

కనుక మన సంఘాలకు నా మనవి ఇది. పంపే కూడిక పెట్టి శాలువా కప్పడానికి ముందు నలుగురు పెద్దలు కూర్చుని కాగితాలు చదవండి. ఉద్యోగ వీసా అవునా? ఒప్పందంలో జీతం, గంటలు, తిరుగు ప్రయాణం రాసి ఉన్నాయా? గల్ఫు మొదలైన 18 దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం 2015లో ఆదేశించింది. తరువాత మన ఓంక్యాప్‌కు, తెలంగాణలో టాంకామ్‌కు కూడా ఆ పని అప్పగించారు. ముందుగా అక్కడ విచారించండి. వృద్ధుల సంరక్షణ పని పేరుతో బ్రిటన్ పంపుతామనేవారిని నమ్మకండి. 2025 జూలై 22 నుంచి విదేశాల వారికి ఆ కొత్త వీసాలు ఆపేశారు. పిల్ల వెళ్ళాక వారానికొకసారి సంఘం నుంచి ఒకరు ఫోన్ చేయండి. ఇంటి దగ్గర మిగిలిన తల్లి మోకాళ్ళకు మందు రాయడం కూడా సంఘం పనే. అరుగు మీది మామ్మకు నెలకోసారి బీపీ చూడటానికి మన స్త్రీల సమాజంలో ఒక విశ్రాంత నర్సు దొరకకపోదు.

ఆ అమ్మాయి మళ్ళీ విజయవాడలో డ్యూటీలో చేరింది. తెల్లవారుజామున లేచి ఇంగ్లీషు పరీక్షకు చదువుతోంది. తండ్రి రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. క్రిస్మసు వెళ్ళాక ఒక ఆదివారం ఫోన్ చేసి, "మన పిల్ల కోసం ప్రార్థన చేయండి అయ్యగారూ" అన్నాడు.

ఆమె కోసం రాసిన ఉత్తరం నా బల్ల సొరుగులో ఉంది. తారీఖు ఒక్కటి వేయలేదు. సరైన కాగితాలు వచ్చిన రోజున వేస్తాను. మీరు కూడా ఆ బిడ్డను మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోండి. ప్రభువు మీ ఇంటి కుమార్తెలను పోకలోను రాకలోను కాపాడును గాక.