మొండికేసిన కంప్యూటరు

ఆవకాయ పాళ్ళూ, పట్టుచీర మీద నూనె మరకలూ చదువుకునే పేజీల్లో కంప్యూటరు గోల ఏమిటని విసుక్కోకండి. మిక్సీ, గ్రైండర్ల సరసన ఇప్పుడు అదీ చేరింది కదా. అది మొండికేసిననాడు ఇంట్లో ఎవరి మీద ఎవరు విరుచుకుపడతారో మీకు తెలియనిదా! మా ఇంట్లో విరుచుకుపడింది నేనే.

2022 ఏప్రిల్ నెల. మా చిన్నమ్మాయి ఆర్కిటెక్చర్ చదువు ముగించి, తెనాలిలో ఇంట్లోనే కూర్చుని ఇళ్ళ నమూనా బొమ్మలు చేసి ఇస్తుండేది. మెట్లూ, గదులూ, కిటికీలోంచి పడే ఎండా అన్నీ తెరమీద అటూ ఇటూ తిప్పి చూపాలంటే మామూలు కంప్యూటరు చాలదట. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలి. 2016లో వచ్చిన రకం కార్డు, ఎవరో వాడి అమ్మేసినది కొనుక్కుంది. రెండేళ్ళు ఏ పేచీ పెట్టలేదు. ఆ నెలలో తన సంపాదనతోనే పెద్ద మానిటరు కూడా తెచ్చుకుంది.

ఆ వారమే మొదలైంది. స్విచ్ వేస్తే లోపల ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ఒక్కోసారి కాసేపటికి విండోస్ వచ్చేసేది. ఒక్కోసారి ఎంతసేపు చూసినా అంతే, బిగుసుకుపోయేది. బటను నొక్కిపట్టి ఆర్పడం, మళ్ళీ వెయ్యడం. శుక్రవారానికి ఇస్తానని అడ్వాన్సు పుచ్చుకున్న పని సగంలో ఉంది.

"సెకండ్ హ్యాండ్ సామాను వద్దంటే విన్నావుటే? రాత్రి రెండింటిదాకా దాన్ని వేసి ఉంచితే మాడిపోక ఏమవుతుంది?" అన్నాను. ఇంకా చాలా అన్నాను లెండి. అది పెరుగన్నం సగంలో వదిలేసి లేచిపోయింది. మా వారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు షాపుకి తీసుకెళ్ళాం. అతను తన దగ్గరున్న పాత మానిటరు తగిలించి చూశాడు. శుభ్రంగా వచ్చింది! అయినా, "కార్డు వీకయిపోయిందమ్మా, ఇవాళో రేపో పోతుంది. కొత్తదంటే పాతిక వేల పైనే" అన్నాడు. నా చీటీ డబ్బు కళ్ళముందు కదిలింది. సరేననబోయి ఆగాను. వీకయిన కార్డు షాపులో బాగుండి, మా ఇంట్లోనే ఎందుకు పోతోంది? పాలు మా గిన్నెలోనే విరిగితే గిన్నెనేగా చూసుకుంటాం!

ఇంట్లో కొత్తగా వచ్చిందేమిటి? ఆ మానిటరు, దాంతోపాటు వచ్చిన తీగ. కొత్తగా వచ్చినవాళ్ళ మీద నేరం మోపడం మనకి అలవాటే కదా అని నవ్వుకున్నా, "పాత మానిటరూ, పాత తీగా పెట్టి చూడవే" అన్నాను. పెట్టింది. ఎన్నిసార్లు వేసినా తెర వచ్చింది.

అప్పుడు మా అమ్మాయి ఆ కార్డు చేసిన కంపెనీ సొంత వెబ్‌సైటులో వెతికింది. సరిగ్గా ఈ జబ్బుకే 2018లో వాళ్ళే ఒక చిన్న ప్రోగ్రాం విడుదల చేసి ఉన్నారు. సంగతేమిటంటే, కొత్త మానిటరు డిస్‌ప్లేపోర్ట్ అనే తీగతో పనిచేస్తుంది. ఆ పద్ధతిలో 1.4 అనే రకం 2016లో వచ్చింది. కార్డులో ఉన్న పాత ఫర్మ్‌వేర్‌కి ఆ కొత్త పలకరింపు సరిగా అర్థం కాక, తెర వెలిగించే చోటే ఆగిపోతోంది. కార్డు పోలేదు, మాడలేదు.

ఫర్మ్‌వేర్ అంటే నాకూ తెలియదు, మా అమ్మాయే చెప్పింది. డ్రైవరు అనేది విండోస్ లేచాక పనిలోకి వచ్చే మనిషి. ఫర్మ్‌వేర్ అందరికంటే ముందు లేచి తెర వెలిగించే మనిషి. ఇంట్లో మనలాగన్నమాట! కార్డు మీదే చిన్న చిప్పులో రాసి ఉంటుంది. డ్రైవరు ఎన్నిసార్లు మార్చినా మాకు గుణం కనిపించకపోవడానికి కారణం అదే. విండోస్ రాకముందే తెర బిగుసుకుపోతుంటే డ్రైవరేం చేస్తుంది? అన్నట్టు, ఈ ఫర్మ్‌వేర్ అనే మాట పుట్టింది 1967లో. ఆషర్ ఆప్లర్ అనే ఆయన ఒక కంప్యూటరు పత్రికలో వాడారు. హార్డ్‌వేరుకీ సాఫ్ట్‌వేరుకీ నడిమి సరుకు కాబట్టి ఆ పేరు.

మందు దొరికింది, కానీ భయం పట్టుకుంది. పాత రాతని చెరిపి కొత్తది రాసేటప్పుడు మధ్యలో కరెంటు పోతే, ఆ కార్డు ఇక లేవకపోవచ్చు. ఆ ఏప్రిల్లో మనకి కరెంటు కోతలు ఎలా ఉన్నాయో గుర్తుందా? మా ఇన్వర్టరు కరెంటు పోగానే అందుకుంటుంది గానీ, ఆ రెప్పపాటు ఆలస్యానికే కంప్యూటరు ఆరిపోతుంది. చివరికి వీధి చివర జిరాక్సు షాపతన్ని బతిమాలి, అతని యూపీఎస్ ఒక్క పూటకి తెచ్చుకున్నాం. దాన్ని ముందే నిండా ఛార్జి పెట్టి, తెల్లవారి అయిదింటికి, లైన్లో కోత లేని వేళ చూసి కూర్చున్నాం.

పాత మానిటరే పెట్టుకుంది. చేసిన పనంతా వేరే డ్రైవులో దాచుకుంది. విండోస్ అప్‌డేట్లు ఏవైనా మిగిలి ఉంటే పూర్తిచేసి, తెరిచినవన్నీ మూసేసింది. ఆ ప్రోగ్రాం ముందు కార్డుని పరీక్షించి, దీనికి మార్పు అవసరమేనని చెప్పింది. ఇక నొక్కాలి. "అమ్మా, నువ్వు పక్కనే ఉండు" అంది. ఉన్నాను. స్టవ్ మీద పాలు పొంగి పోతున్నాయని తెలిసీ లేవలేదు. అయ్యిందని తెరమీద కనబడేదాకా దాని చెయ్యి మౌస్ ముట్టుకోలేదు, నా చెయ్యి దాని భుజం వదల్లేదు.

ఇది చదివి మీరు వెంటనే మీ ఇంట్లో మొదలుపెట్టెయ్యకండి. కంప్యూటరు బిగుసుకుపోవడానికి దుమ్ము పట్టి వేడెక్కడం, తీగ వదులవడం, సప్లై చాలకపోవడం, డ్రైవరు పాడవడం, ఇలా నూటెనిమిది కారణాలు. అవన్నీ చూశాకే ఇది. అదీ మీ కార్డు పేరూ, నంబరూ అక్షరం తేడా లేకుండా సరిపోతేనే. ఎవరో ఎక్కడో పెట్టిన ఫైలు అస్సలు వద్దు. ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్న కార్డు జోలికి పోకండి. చేత్తో ఎక్కించే ఫైలైతే, ముందు పాతదాని నకలు తీసి దాచుకోవాలి.

కొత్త మానిటరు తగిలించి స్విచ్ వేసింది. వెలిగింది. ఆర్పి మళ్ళీ వేసింది, పదిసార్లు. నేను లెక్కపెట్టాను. శుక్రవారం పని శుక్రవారమే వెళ్ళింది. చీటీ డబ్బులోంచి ఒక యూపీఎస్ మాత్రం కొన్నాం.

ఆ రాత్రి దాని కంచంలో పెరుగు వడ్డిస్తూ, "మొన్న అన్నమాట వెనక్కి తీసుకుంటున్నానే" అన్నాను.

"ఏ మాటమ్మా? చాలా అన్నావుగా" అంది.