ఏ మలినానికి ఏ ద్రావణి?

తెలుగు పండితుడికి సర్క్యూట్ బోర్డులతో ఏమి పని అని మీరడుగవచ్చు. మా మనుమడు వాటిని ఇంట్లోనే తయారుచేస్తాడు. ఉద్యోగ విరమణానంతరం వాటిని శుభ్రపరచే పని నాకు దక్కింది. 'ముద్రిత వలయ ఫలకం' అంటే వాడే నవ్వుతాడు కనుక బోర్డు అనే అంటాను.

మలినాలు రెండు విధాలు. మొదటిది టోనరు. లేజర్ ప్రింటరులో అచ్చువేసిన గీతలను ఇస్త్రీపెట్టె వేడితో రాగిరేకు మీదికి దింపి, ఫెర్రిక్ క్లోరైడులో ముంచితే, టోనరు కప్పని రాగి అంతా కరిగిపోతుంది. మిగిలిన రాగిగీతల మీద టోనరు నల్లగా అంటుకొని ఉంటుంది. అది ప్రధానంగా ప్లాస్టిక్కు పొడి. నీటికి లొంగదు, అసిటోనుకు లొంగుతుంది.

రెండవది టంకం వేశాక మిగిలే జిగట. టంకపు తీగలోని రోజిన్ పైన్ చెట్ల బంకనుండి వచ్చినదే. సంస్కృతంలో సరళవృక్షమన్నది ఆ జాతి చెట్టునే. దీనికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు తగినది.

"తాతయ్యా, రెంటికీ అసిటోను చాలదా?" అన్నాడు మావాడు. చాలదురా అన్నాను. అప్పటికి బోర్డు మీద కనెక్టర్లు, స్విచ్చులు కూర్చుని ఉంటాయి. టోనరును కరిగించే అసిటోను ఏబీఎస్, పాలీకార్బొనేట్ వంటి ప్లాస్టిక్కులనూ పాడుచేస్తుంది.

ఆల్కహాలులోనూ భేదముంది. 70 శాతంది చేతుల శుద్ధికి మంచిది. బోర్డుకు 99 శాతంది మేలు. నీరు ఎక్కువైతే తెల్లని పొర మిగులుతుంది. పైగా ద్రావణి మలినాన్ని కరిగిస్తుందే గాని మాయం చేయదు. కుంచెతో రుద్ది, ఆరకముందే గుడ్డతో అద్దకపోతే ఆ జిగట బోర్డంతా పలుచగా పరచుకుంటుంది.

ఒకప్పుడు కర్మాగారాలలో మంట అంటుకోని సీఎఫ్‌సీ-113 వాడేవారు. ఓజోను పొరకు చేటని, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దరిమిలా దానిని తొలగించారు. మనకు మిగిలినవి మండేవే. అసిటోను ఆవిరి సున్నాకు 20 డిగ్రీల దిగువన సైతం అంటుకోగలదు. ఐసోప్రొపైల్ ఆవిరికి సుమారు 12 డిగ్రీలు చాలు. మన ఎండలలో ఆ హద్దు ఎప్పుడూ దాటే ఉంటుంది. ఆ ఆవిరి గాలికన్న బరువైనది, నేలబారుగా పాకి దూరపు నిప్పును అందుకుంటుంది.

అందుచేత దేవుడి గదిలో దీపం వెలిగే మా ఇంట్లో ఈ పని డాబా మీదనే, టంకపు కడ్డీ చల్లారాకనే. సీసాలకు తెలుగులో పేర్లు రాసి అంటించాను. పెట్రోలులో బెంజీను ఉంటుంది కనుక దాని జోలికి పోము. బోర్డు పాడైతే మరొకటి చేసుకోవచ్చును. మనుమడి కళ్ళకూ ఊపిరికీ మారు లేదు.