అమెరికా కారుకు భద్రాచలం రోడ్డు పరీక్ష

అమెరికాలో వాడుకున్న కారును ఓడెక్కించి ఖమ్మం తెచ్చుకోవచ్చా? వెనక్కి వచ్చేద్దామనుకుంటున్న వాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. సోఫా అమ్మేస్తారు, టీవీ ఫ్రెండుకిచ్చేస్తారు. కారు దగ్గరకొచ్చేసరికి మనసొప్పదు.

డల్లాస్‌లో ఉండే మా అన్నయ్యది, అంటే మా పెద్దమ్మ కొడుకుది, సరిగ్గా ఇదే బాధ. అతని క్యామ్రీ కొని రెండేళ్లు. పెదనాన్న అమెరికా వెళ్లింది ఒక్కసారే. అక్కడ ఉన్న పది రోజులూ తిరిగింది ఆ కారులోనే. తిరిగొచ్చిన ఆర్నెల్లకు ఆయన పోయారు. "అది అమ్మాలంటే చెయ్యాడట్లేదురా. ఎంతైనా సరే, తెచ్చుకుంటా" అన్నాడు అన్నయ్య.

అతను సెలవు మీద వచ్చినప్పుడు పెద్దమ్మకు రాములవారి దర్శనం చేయిద్దామని బయల్దేరాం. బాబాయి బొలెరోలో ఖమ్మం నుంచి భద్రాచలం, అక్కణ్నుంచి అడవి దారిలో చింతూరు దాకా. ఇన్ని రకాల రోడ్లు, ఇన్ని సరిహద్దులు ఒకే రోజులో చూపించే దారి మన దగ్గర తక్కువ. ఆ క్యామ్రీ ఈ రోడ్డెక్కితే ఎట్లుంటుందో కిలోమీటరుకో సంగతి తెలిసొచ్చింది.

లకారం గట్టు మీద లెక్క

తెల్లవారుజామున లకారం ట్యాంక్‌బండ్ దగ్గర టీ కోసం ఆగాం. తీగల వంతెన మీద అప్పటికే సెల్ఫీలు మొదలయ్యాయి. అన్నయ్య ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశాడు.

ముందు ఒక సంగతి చాలామందికి తెలియదు. పర్మినెంటుగా ఇండియా వచ్చేస్తున్నాం కాబట్టి ఇంటి సామాన్లతోపాటు కారు కూడా వచ్చేస్తుందనుకుంటారు. కుదరదు. 1962 కస్టమ్స్ చట్టంలో లగేజీ అంటే ఏంటో చెప్పేచోటే, మోటారు వాహనాలు అందులోకి రావని రాసేశారు. మిక్సీ లగేజీ. కారు కాదు.

అంటే పూర్తి డ్యూటీ కట్టాల్సిందే. వాడిన కారు మీద 2025 బడ్జెట్ తర్వాత బేసిక్ డ్యూటీ 70 శాతం, దాని మీద వ్యవసాయ సెస్సు 67.5 శాతం. రెండూ కలిపితే 137.5. ఆ మొత్తం మీద మళ్లీ జీఎస్టీ. క్యామ్రీ లాంటి పెద్ద కార్లకు అది 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం.

కారు ధర, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపి 20 లక్షలనుకుందాం. డ్యూటీ 27.5 లక్షలు. 47.5 అయింది. దాని మీద 40 శాతం అంటే ఇంకో 19 లక్షలు. టోటల్ 66.5 లక్షలు. రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ ఇంకా అందులో లేవు.

ఇదే క్యామ్రీని కర్ణాటకలోని బిడదిలో అసెంబుల్ చేసి ఇక్కడా అమ్ముతున్నారు. 2024 డిసెంబర్‌లో కొత్త మోడల్ వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 48 లక్షలు. అంటే పాత కారు తేవడానికయ్యే ఖర్చుతో కొత్తది కొనుక్కుని, ఇంకా డబ్బు మిగుల్చుకోవచ్చు.

అన్నయ్య ఫోన్ జేబులో పెట్టేశాడు. "లెక్క నాకూ తెలుసురా. లెక్క కోసం కాదు నేను తెస్తానంటోంది" అన్నాడు. టీ తాగి బయల్దేరాం.

జామాయిల్ లారీ వెనకాల

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. ఏన్కూరు, జూలూరుపాడు దాటేదాకా మిర్చి, పత్తి చేలు. కొత్తగూడెం దగ్గరపడేకొద్దీ సింగరేణి బొగ్గు లారీలు. పాల్వంచ దాటాక సారపాక పేపరు మిల్లుకెళ్లే జామాయిల్ కర్ర లారీలు. బాడీ కన్నా వెడల్పుగా, ఎత్తుగా కట్టిన లోడు. వెనక ఉన్నవాడికి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు.

ఇట్లాంటి లారీని ఓవర్‌టేక్ చేయాలంటే మనం ఏం చేస్తాం? కొంచెం కుడికి జరిగి, తల బయటికి వంచి, ఎదురుగా ఏం వస్తుందో చూస్తాం. డ్రైవర్ కుడివైపు కూర్చున్నాడు కాబట్టి అది కుదురుతుంది. అమెరికా కారులో డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు. ఎదురుగా వచ్చే బస్సు అతనికి కనబడాలంటే కారు సగం ఆ పక్కకు వెళ్లిపోవాలి. లేదంటే కుడి సీట్లో ఉన్నవాళ్లు చూసి "పో" అనాలి. ఆ సీట్లో పెద్దమ్మ ఉంటే?

ఎడమ స్టీరింగ్ ఉన్న బండి మన రోడ్ల మీద పూర్తిగా నిషేధం అనుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 120 అట్లా అనలేదు. సరైన సిగ్నల్ పరికరం పనిచేస్తూ ఉంటే నడపొచ్చు అంటుంది. అడ్డంకి దిగుమతి దగ్గర. వాడిన కారు తెచ్చుకోవాలంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, అంటే డీజీఎఫ్‌టీ, పెట్టిన షరతులివి: తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపుండాలి. స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపించాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు సరిపోవాలి. దిగాల్సింది ముంబయి పోర్టులోనే.

హెడ్‌లైట్ల రూలు ఏదో చాదస్తం అనిపిస్తుంది కానీ, రాత్రిపూట పాల్వంచ దాటాక సింగిల్ లైన్లో ఎదురు లైటు కళ్లల్లో పడినప్పుడు దాని విలువ తెలుస్తుంది. అమెరికా లైట్లు కుడివైపుకు ఎక్కువ వెలుగు కొడతాయి. అంటే ఇక్కడ సరిగ్గా ఎదుటివాడి మొహం మీదికి.

అందుకే దుబాయ్, అమెరికా నుంచి వచ్చేవాళ్లకన్నా యూకే, ఆస్ట్రేలియా, సింగపూర్ నుంచి వచ్చేవాళ్లకు ఈ విషయంలో కొంచెం నయం. వాళ్లవి కుడి స్టీరింగ్ కార్లు. పన్ను మాత్రం అందరికీ ఒకటే.

"దీనికిక్కడ చుట్టాల్లేరు"

పాల్వంచలో బొలెరో టైరుకు పంక్చరేయించాం. వేసినాయన గ్యారేజీ కూడా నడుపుతాడు. అన్నయ్య ఫోన్లో తన కారు ఫొటోలు చూపించాడు. ఆయన జూమ్ చేసి చేసి చూశాడు.

"బండి గొప్పదే సార్. ముందరి లైటు పగిలితే ఎక్కణ్నించి తెస్తరు? అద్దం పోతే? గిదే పేరుతో ఇక్కడ బండి ఉన్నా, అన్ని పార్టులూ దీనికి పట్టాలని లేదు. దీనికిక్కడ చుట్టాల్లేరు సార్."

నాకైతే ఆ రోజు విన్నవాటిలో ఇదే పెద్ద మాట. బొలెరోకు ప్రతి మండలంలో ఒక చుట్టం ఉంటాడు. క్యామ్రీకి నేల నుంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అడవి ఊళ్ల దగ్గర వేసిన స్పీడ్ బ్రేకర్లు దాని పొట్ట గీరకుండా వదలవు. పెట్రోల్ సంగతీ ఉంది. మన బంకుల్లో ఇప్పుడొచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. అమెరికాలో మామూలుగా కలిపేది 10 శాతం. టెస్లా తెద్దామనుకునేవాళ్లకు చిక్కు ప్లగ్గులోనే: అక్కడ వాడేది ఎన్ఏసీఎస్, మన చార్జింగ్ స్టేషన్లలో ఉండేది సీసీఎస్2.

అన్నట్టు, పన్నుల గురించి మాట్లాడుకోడానికి పాల్వంచను మించిన ఊరు లేదు. రామదాసుగా మనకు తెలిసిన కంచర్ల గోపన్న ఈ పరగణాకే తహసీల్దారు. వసూలు చేసిన సొమ్ము భద్రాద్రి గుడికి ఖర్చు పెట్టి గోల్కొండలో జైలుకెళ్లాడు.

గోదారే ఒకప్పటి బోర్డరు

సారపాక దాటి వంతెనెక్కగానే గోదారి. ఈ వంతెన 1965లో మొదలైంది. పక్కనే ఇప్పుడు రెండోది కూడా ఉంది. అంతకుముందు అవతలికి పోవాలంటే పడవే.

అప్పట్లో దాటేది నది ఒక్కటే కాదు. ఇటు బూర్గంపహాడ్ నిజాం రాజ్యం. అటు భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ, అంటే బ్రిటిష్ వాళ్లది. నిజాంకు సొంత కస్టమ్స్ శాఖ ఉండేది, పేరు కరోడ్‌గిరి. బ్రిటిష్ ఇండియా నుంచి హైదరాబాద్ రాజ్యంలోకి సరుకు తెస్తే సుంకం కట్టాలి. పక్క ఒడ్డు నుంచి తెచ్చినా అది దిగుమతే.

ఆ నిజాం ఇంట్లో వాళ్లూ కారు దిగుమతి చేసుకున్నవాళ్లే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండ్ నుంచి రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఆర్డరిచ్చారు. కారు వచ్చేలోపే, 1911లో, ఆయన పోయారు. పసుపు రంగు బాడీ, లోపల సింహాసనం లాంటి సీటు. కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఊరేగింపులకు తప్ప పెద్దగా వాడలేదు. ఇప్పుడు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబడి ఉంది. టికెట్ కొనుక్కుని చూడొచ్చు.

ఈ కథ విని అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి ఇష్టపడ్డ కారును దాచుకున్న కొడుకు అతనొక్కడే కాదన్నమాట.

పది నిమిషాల్లో పక్క రాష్ట్రం

దర్శనం అయ్యాక చింతూరు రోడ్డు పట్టాం. భద్రాచలం ఊరు అయిపోతుందనగానే ఎటపాక. అది ఆంధ్రప్రదేశ్. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఇటువైపు మండలాలను ఆంధ్రాలో కలిపి, భద్రాచలం పట్టణాన్ని మాత్రం తెలంగాణలో ఉంచారు.

ఇక్కడ చరిత్ర తెలుసుకోవాలంటే పుస్తకం అక్కర్లేదు, నంబర్ ప్లేట్లు చదివితే చాలు. ఏపీ 20 అంటే ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా బండి. టీఎస్ 04 అంటే తెలంగాణ వచ్చాక ఖమ్మంది. టీఎస్ 28 అంటే 2016లో కొత్తగూడెం జిల్లా అయ్యాక. టీజీ 28 అంటే 2024 మార్చి తర్వాత కొన్నది. ఏపీ 39 అంటే అవతలిది. ఒకే టీకొట్టు ముందు ఐదు రకాలూ కనిపించాయి.

ఇవన్నీ రోజూ అటూ ఇటూ తిరగొచ్చు, తప్పేం లేదు. కానీ ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, అక్కడి పన్ను కట్టాలి. బెంగళూరులో కొన్న కారుతో ఊరికొచ్చేసే వాళ్లకు ఇదే వర్తిస్తుంది. రాష్ట్రాలు మారే ఉద్యోగాలున్నవాళ్లకు 2021లో బీహెచ్ సిరీస్ వచ్చింది. ప్రభుత్వోద్యోగులు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు తీసుకోవచ్చు.

చింతూరులో తేలిన సంగతి

చింతూరుకు ముందు అడవి చిక్కబడుతుంది. ఇప్పచెట్లు, వెదురు, రోడ్డు పక్కన నెత్తిన గంపలతో సంతకు నడిచిపోయే కోయ ఆడవాళ్లు. ఊళ్లో శబరి నది. ఇక్కణ్నుంచి ఒక రోడ్డు మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంది. 30వ నంబర్ జాతీయ రహదారి కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి పోతుంది. సీజీ, ఓడీ ప్లేట్లు కూడా కనిపించడం మొదలైంది.

నది ఒడ్డున బండాపితే అన్నయ్య ఆఖరి ఆశ బయటపెట్టాడు. "కార్నెట్ మీద తెస్తే? డ్యూటీ ఉండదంట కదా."

నిజమే, ఉండదు. కార్నెట్ అంటే కారుకు పాస్‌పోర్ట్ లాంటిది. విదేశీ ఆటోమొబైల్ క్లబ్బు పూచీ ఉంటుంది. ఆ కాగితంతో కారును టూరిస్టులాగా ఆరు నెలలు తిప్పుకోవచ్చు. గడువులోపు దేశం దాటించాలి. ఖండాలు దాటి డ్రైవ్ చేసేవాళ్ల కోసం పెట్టింది అది, ఇంటికొచ్చేసే వాళ్ల కోసం కాదు.

అప్పటిదాకా ఏమీ అనని పెద్దమ్మ అప్పుడంది: "మీ నాన్న ఆ కారులో తిరిగింది పది రోజులురా. దుమ్ముగూడెం వైపు బళ్లలో టీచరుగా ఈ రోడ్డు మీద ఆర్టీసీ బస్సులో ముప్పై ఏళ్లు తిరిగాడు. ఆయన్ను తలుచుకోవాలంటే ఈ రోడ్డు లేదా? ఆ డబ్బుతో నన్ను నెలకోసారి ఇట్లా తీసుకురా."

అన్నయ్య జవాబు చెప్పలేదు. తిరుగు దారిలో తాళాలడిగి తీసుకుని బొలెరో తనే నడిపాడు. వారం తర్వాత డల్లాస్ నుంచి మెసేజ్ పెట్టాడు, కారు అమ్మకానికి పెట్టానని.

మీ ఇంట్లోనూ ఇదే చర్చ నడుస్తుంటే వరసగా మూడు చూసుకోండి: స్టీరింగ్ ఎటుంది, తయారై ఎన్నేళ్లయింది, పన్నుతో కలిపి ఎంతవుతుంది. ఆ తర్వాతే షిప్పింగ్ అడ్వాన్స్. రూల్సు మారుతుంటాయి కాబట్టి డీజీఎఫ్‌టీ తాజా నోటిఫికేషన్ చదివి, కస్టమ్స్ బ్రోకర్‌తో ఒకసారి మాట్లాడండి.

ఈ దారి చూడాలనిపిస్తే నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి టైము. జులై, ఆగస్టుల్లో అయితే బయల్దేరేముందు భద్రాచలం నీటిమట్టం చూసుకోండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. మిగతా రోజుల్లో ఏ కారులో వెళ్లినా పర్లేదు. స్టెప్నీలో గాలి మాత్రం చూసుకోండి.