తాతయ్య దీపము – మనుమని ఖడ్గము

మా యింట చెక్కపెట్టెలో వెండివన్నె గొట్టమొకటి కలదు. మా తండ్రిగారు పెండ్లిండ్లలో ఛాయాచిత్రములు తీయు దినములలో, వెలుతురు చాలనప్పుడు దానిని కెమేరా ప్రక్కన బిగించి, పైనున్న బల్బును తళుక్కుమనిపించెడివారు. దాని కడుపులో మూడు పెద్ద బ్యాటరీలు పట్టును. వారు పోయిన తరువాత నేను పదిలపరచుకొన్న వస్తువు అదియొక్కటే. ఆ గొట్టమే క్రిందటి వేసవిలో నాకు పరీక్ష పెట్టినది.

మా అబ్బాయికి పదునాలుగేండ్లు. 1977లో విడుదలయిన 'స్టార్ వార్స్' అను అమెరికా చలనచిత్రమన్న వానికి ప్రాణము. అందలి వీరులు కాంతిఖడ్గములతో పోరాడుదురు. పిడి మాత్రమే లోహము. అలుగు వట్టి వెలుగు. ఆ పిడికి నకలు కొనిపెట్టుమని వాడు నెలదినములు నన్ను బ్రతిమాలెను. వెల ఆరువేల రూపాయలు! "ఆటవస్తువునకు ఆరువేలా? ఆ సొమ్ముతో ఇంటికెన్ని నెలల బియ్యము వచ్చునో యెరుగుదువా?" అని గద్దించితిని. వాడు మారు పలుకలేదు. వాని మౌనమే నన్ను ఎక్కువగా నొప్పించినది.

నాలుగు దినముల తరువాత వాడు పరుగున వచ్చి, "అమ్మా, అసలు ఖడ్గమును కూడ పాతసామానుతోనే చేసిరట!" అనెను. ఆ చిత్రమునకు వస్తువుల నమర్చిన రోజర్ క్రిస్టియన్ అను నాతడు, లండనులో నొక కెమేరాల యంగడిలో, గ్రాఫ్లెక్స్ అను అమెరికా కంపెనీవారి పాత ఫ్లాష్ పిడులను చూచెనట. ఒకదానికి నల్లని పట్టీలు అంటించి, లెక్కలయంత్రములో అంకెలను పెద్దవిగా జూపు బుడిపెల పలకను బిగించెను, ఖడ్గమయ్యెను. ఆ చిత్రపు కళాలంకరణకు 1978లో ఆస్కారు బహుమానము పొందిన నలుగురిలో ఆతడొకడు. అదే చిత్రములో వృద్ధవీరుని ఖడ్గమున జెట్ విమానపు యంత్రభాగమును, స్నానపుగది కొళాయి త్రిప్పెడు బిళ్లయును గలవు.

ఇంతవరకు విని నవ్వితిని. అంతట వాడు, "తాతయ్య పెట్టెలోనిది అచ్చముగా అట్లే యున్నదమ్మా. దానికి పట్టీలు అంటించుకొందునా?" అనెను. నా గుండె గతుక్కుమన్నది. నేడు కొందరు అభిమానులు అట్టి పాత ఫ్లాష్ పిడులను వెదకి కొని ఖడ్గములుగా మార్చుచున్నారని వాడే చెప్పెను. కొనుటకు సొమ్ములేదని కోప్పడితిని. ఊరక యున్న వస్తువును గూడ ఇయ్యనన్నచో వాడేమనుకొనును? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాటి యుదయమున పెట్టె తెరచి, గొట్టమును వాని చేతికిచ్చి, బొత్తాము ప్రక్క మెరుగు పోయిన చోట వాని బొటనవ్రేలిని ఆనించితిని. "ఈ అరుగుదల మీ తాతయ్య వ్రేలిది. ఇక నీ యిష్టము" అంటిని. వాడు కొంతసేపు దానిని పట్టుకొని నిలిచి, "దీనికి జిగురు పూయరాదమ్మా. కొలతలు తీసికొని వేరొకటి చేసికొందును" అనెను.

ఇద్దరమును పనికి పూనితిమి. గొట్టముచుట్టు దారము చుట్టి కొలిచి, కొళాయిల పనివాడు మిగిల్చిన నలుబది మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపును అంత పొడవునకు కోసితిమి. గరుకుకాగితముతో నునుపు పోవ రుద్దితిమి. లేనిచో రంగు పట్టదు. తొందరపడి వెండిరంగును ఒక్కసారే దట్టముగా కొట్టగా చారలుగా కారిపోయినది. మరల రుద్ది, ఆరుబయట ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఆరనిచ్చి ఆరనిచ్చి పలుచగా మూడు పూతలు వేసితిమి. నల్లని పట్టీలకు పాత సైకిలు ట్యూబు, బుడిపెల పలకకు మాత్రలయిపోయిన అట్ట, ఎఱ్ఱ మీటకు నా పాత రవికె బొత్తాము. తుదకు నీళ్లు కలిపిన నల్లరంగు పూసి, ఆరకముందే గుడ్డతో తుడువగా, సందులలో మాత్రము నలుపు నిలిచి యేండ్లతరబడి వాడినట్లు కనబడినది. మొత్తము కర్చు మూడువందల నలుబది రూపాయలు.

పని ముగిసిన నాడు వాడు వంటయింటిలోని ఉప్పుబుడ్డిని త్రిప్పి చూచుచుండెను. 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' అను ధారావాహికలో వైద్యుని పరికరములుగా కనబడినవి నిజమునకు వింతయాకారపు ఉప్పుబుడ్లేనట! "ఇది దేనికి పనికివచ్చునమ్మా?" అనెను. "పప్పులోనికి" అంటిని.

సోదరీమణులారా! పిల్లలు కోరినదెల్ల కొనజాలము. కొనకుండుట మన తప్పును గాదు. కాని "లేదు" అన్న మాటతో ముగింపక, వానితో కూడ నేలపై కూర్చుండి గరుకుకాగితము పట్టుకొన్నచో, ఆ "లేదు" అంత చేదుగా నుండదని నేను తెలిసికొంటిని. ఖడ్గమిప్పుడు వాని బల్లపై నున్నది. తాతయ్య దీపము పెట్టెలోనే యున్నది; అప్పుడప్పుడు వాడే దానిని తీసి మెత్తని గుడ్డతో తుడుచును. బొత్తాము ప్రక్కచోటు మాత్రము తుడువడు.