నీలి పొగ

పాత కారు అమ్మడమంటే మన వైపు సంతలో ఎద్దును అమ్మడం లాంటిదే. పళ్ళు చూపించాలి, నడిపించి చూపించాలి. కుంటి నడకను దాచాలన్న ఆశ పుట్టేదీ అక్కడే.

మా తమ్ముడు టెక్సాస్ వెళ్ళిపోతూ తన హ్యాచ్‌బ్యాక్‌ను సన్నీవేల్‌లో మాకు అప్పగించాడు, అమ్మిపెట్టమని. టర్బో ఒత్తిడి పెంచి, కంప్యూటర్ లెక్కలు మార్పించి వేగానికి తయారుచేసుకున్న బండి. ఒత్తిడి మరీ పెరిగితే ఇంధనం వేళకాని వేళ పేలి, పిస్టన్ రింగుల దగ్గర విరుగుతుంది. నూనె పైకెక్కి కాలి నీలి పొగ వస్తుంది. మెకానిక్ కంప్రెషన్ పరీక్ష చేశాడు. మూడు సిలిండర్లు బాగున్నాయి. నాలుగోది వాటిలో సగం కూడా చూపలేదు.

"చిక్కటి నూనె పోయించండి, కొన్నాళ్ళు పొగ కనిపించదు" అన్నారు మిత్రులొకరు. చూడవచ్చినవాడు కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు కుర్రాడే. "ఇంజను బాగుందా అండీ?" అని అడిగాడు. ఆసుపత్రిలో రోగికి పరీక్ష ఫలితం దాచం. ఇక్కడ మాత్రం ఎలా దాస్తాం? మెకానిక్ ఇచ్చిన కాగితం చేతిలో పెట్టాం.

చట్టమూ ఆ పక్షమే. కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్ 1984లో మొదలైంది. ఇలాంటి బండిని 'ఉన్నదున్నట్టు' అని రాసి అమ్మినా, ఆ పత్రం తేవలసింది అమ్మేవారే.

కుర్రాడు కొనలేదు. చివరికి విడిభాగాల యార్డుకు, అనుకున్నదాంట్లో మూడోవంతుకు ఇచ్చి, 5 రోజుల గడువులోగా డి.ఎం.వి.కి బదిలీ నోటీసు పంపాం. తమ్ముడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. ఆ కుర్రాడు మాత్రం తరువాత మరో కారు చూడబోతూ, "మీరూ రండి" అని మమ్మల్ని వెంటబెట్టుకెళ్ళాడు.