గమ్ముకి అంటని ట్యాంకు

ఆర్వీ అనగానే మనవాళ్లకి సినిమా హీరోల క్యారవాన్ గుర్తొస్తుంది. నా దగ్గరున్నదానికి అంత సీను లేదు. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే పాత ట్రైలర్ అది. డాలస్‌లో నేనూ నా రూమ్మేటూ చెరిసగం వేసుకుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. లోపల ఓ మంచం, రెండు బర్నర్ల స్టవ్వు, మనిషి తిరగబడితే మోచేయి తగిలేంత బాత్‌రూమ్. ఎవరొచ్చినా అవి చూసి మురిసిపోతారు. అసలు సంగతంతా నేల కింద ఉంటుంది. అక్కడ మూడు ట్యాంకులు. ఒకటి మంచినీళ్లది. రెండోది సింకు, షవర్ నీళ్లు చేరే గ్రే ట్యాంకు. మూడోది టాయిలెట్ కింద ఉండే బ్లాక్ ట్యాంకు. ఈ చివరి రెండిటినీ హోల్డింగ్ ట్యాంకులంటారు. డంప్ స్టేషన్ దొరికేదాకా మన సరుకు మనతోనే ఊరేగుతుందన్నమాట.

ఆ మూడో ట్యాంకు విలువ మా అమ్మని చూశాకే తెలిసింది నాకు. అమ్మకి షుగర్. మార్కాపురంలో హైదరాబాద్ బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్లు తగ్గించేస్తుంది. దారిలో బస్సు ఆగినా దిగదు. ఆ టాయిలెట్లు తలుచుకుంటేనే ఆవిడకి వికారం. మన ఆడవాళ్లలో ఎంతమంది ఇలా నాలుక పిడచకట్టుకుని ప్రయాణాలు చేస్తారో, పక్క సీట్లో కూర్చున్న మగవాళ్లకి పట్టదు. నాకూ పట్టలేదు చాలాకాలం.

పోయినేడాది అమ్మానాన్నా వచ్చినప్పుడు ట్రైలర్లో అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో క్యాన్యన్‌కి తీసుకెళ్లాను. డాలస్ నుంచి దాదాపు ఆరు వందల కిలోమీటర్లు. గంటన్నరకోసారి ఆపడం, అమ్మ వెనక్కెళ్లి రావడం, మళ్లీ బాటిల్ ఎత్తి గటగటా తాగడం. ఆ ఎర్రటి గోడలు చూసి "మన గండికోటకి పెద్దక్కలా ఉందిరా" అంది. అమ్మ దారి పొడుగునా అన్ని కబుర్లు చెప్పగా వినడం నాకదే మొదలు. ఐదు వారాల్లో వాళ్ల తిరుగు ప్రయాణం. ఈలోపు గ్రాండ్ క్యాన్యన్ కూడా చూపించేద్దామనుకున్నాం.

ఇంటికొచ్చిన మర్నాడు ట్రైలర్ కింద తడి కనపడింది. వాసన వల్ల అది ఏ ట్యాంకుదో ఆలోచించాల్సిన పని లేకపోయింది. అడుగున కప్పిన నల్లటి ప్లాస్టిక్ షీటు విప్పి చూస్తే, డ్రెయిన్ గొట్టం ట్యాంకులో కలిసే చోట నాలుగు వేళ్ల పొడవున పగులు. రిపేర్ షాపువాళ్లు అతుకులు వెయ్యం, ట్యాంకే మార్చాలన్నారు. కొత్తది తెప్పించడానికి నెల పైనే పడుతుందన్నారు. అమ్మ మాత్రం తన లెక్క తను వేసేసుకుంది. "నేనే కదరా ఎక్కువ వాడింది." ఎంత చెప్పినా వినలేదు. గ్రాండ్ క్యాన్యన్ వద్దంది. ఇంట్లో కూడా మంచినీళ్లు గుక్కెడు గుక్కెడే తాగుతోందని రెండ్రోజుల తర్వాత నాన్న చెప్పాడు. షుగర్ మనిషి. నాకు భయమేసింది. ట్యాంకుని ఎలాగైనా నిలబెట్టాలనుకున్నది అప్పుడే.

నాన్నది మార్కాపురంలో పైపుల కొట్టు. పొలాలకి స్ప్రింక్లర్ పైపులు, డ్రిప్పు సామాను, పీవీసీ. ముప్పై ఏళ్ల వ్యాపారం. టార్చి పట్టుకుని కిందకి దూరి, గోటితో ట్యాంకుని గీరి చూశాడు. "మైనంలా జారుతోంది. ఇది గమ్ముకి అంటదురా, వేడికే లొంగుతుంది" అన్నాడు.

ఇంజనీరింగ్ చదివిన బుర్ర కదా, నేను పరీక్ష పెట్టాను. ఈ ట్యాంకులు ఎక్కువగా రెండు రకాల ప్లాస్టిక్‌తో చేస్తారు, ఏబీఎస్ లేదా పాలిథిలీన్. కొన్నిటి మీద అచ్చు వేసి ఉంటుంది, మాదాని మీద లేదు. అంచున చాకుతో చిన్న పెచ్చు గీరి నీళ్ల గ్లాసులో వేశాను. ఏబీఎస్ అయితే మునుగుతుంది, పాలిథిలీన్ తేలుతుంది. తేలింది. ఇంకో పెచ్చు మీద అసిటోన్ చుక్క వేశాను. ఏబీఎస్ అయితే మెత్తబడి జిగురవుతుంది. ఇది చలించలేదు. నాన్న గోరే గెలిచింది.

ఈ తేడా తెలియకే చాలా అతుకులు ఊడిపోతాయి. ఏబీఎస్ ట్యాంకుకి పని సులువు. ఏబీఎస్ సిమెంటు రాస్తే రెండు ముక్కలూ కరిగి ఒకటైపోతాయి, అదే ప్లాస్టిక్ ముక్కని పైన మాసికలా వేసుకోవచ్చు. పాలిథిలీన్ అలా కాదు. ఏ జిగురునీ సరిగ్గా పట్టనివ్వదు. మన డాబాల మీది నల్ల ట్యాంకులదీ ఇదే జాతి. పగిలితే ఎం-సీల్ ముద్ద పెడతాం, రెండు ఎండలు కాయగానే పెచ్చుగా లేచొస్తుంది. ముద్ద తప్పేం లేదు, దానికి పట్టు దొరకదంతే. మా చిన్నప్పుడు వీధుల్లోకి "ప్లాస్టిక్ బిందెలకి, కుర్చీలకి అతుకులేస్తాం" అని అరుచుకుంటూ వచ్చేవాళ్లు గుర్తున్నారా? కాల్చిన ఇనప చువ్వతో బిందె అంచుని కరిగించి, పాత బిందె ముక్కనే అందులో కలిపేవాళ్లు. సరిగ్గా అదే విద్య ఇక్కడ కావాల్సింది.

డంప్ స్టేషన్లో ట్యాంకు ఖాళీ చేసి, నాలుగైదు సార్లు నీళ్లు నింపి వదిలాం. అక్కడి నుంచి ఓ స్నేహితుడి ఇంటి డ్రైవ్‌వేకి తెచ్చి రెండ్రోజులు ఆరబెట్టాం. గ్యాస్ సిలిండర్ కట్టేసి, బయటికి తీసి దూరంగా పెట్టాం. ఈ ట్యాంకుల్లో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. ఒకటి మండేది, ఒకటి చంపేది. అందుకే మంట జోలికి పోకుండా కరెంటుతో పనిచేసే ప్లాస్టిక్ వెల్డింగ్ ఐరన్ తీసుకున్నాం. గ్లవ్స్, కళ్లజోడు, మాస్కు సరేసరి.

అమ్మకి ఇదంతా నచ్చలేదు. "అమెరికా దాకా వచ్చి ఈ పనేంటండీ, ఎవరైనా చూస్తే?" అని నాన్నని వెనక్కి లాగింది. కింద నుంచి నాన్న గొంతు: "మనది మనం బాగుచేసుకోడానికి సిగ్గేంటే?" ఆ మాట నాకు గుచ్చుకుంది. మా వీధిలో సెప్టిక్ ట్యాంకు తీయడానికి మనుషులొచ్చినప్పుడు మా ఇంటి తలుపులూ మూసుకునేవే. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపకూడదని 2013లో చట్టమొచ్చింది. అయినా అలా దిగి ఊపిరాడక పోయినవాళ్ల వార్తలు ఇంకా చదువుతూనే ఉన్నాం. ఇక్కడ నేను కడిగి ఆరబెట్టిన ట్యాంకుకి బయటినుంచి అతుకు వేయడానికే ఇన్ని జాగ్రత్తలు.

ముందు పగులు రెండు కొసల్లోనూ చిన్న బెజ్జాలు వేశాం. లేకపోతే ఎంత అతికినా పగులు పక్కనుంచి పాక్కుంటూ పోతుంది. తర్వాత పగులు వెంట వి ఆకారంలో గాడి తీసి, చుట్టూ పైపొర గీకి, ఆల్కహాల్‌తో తుడిచాం. గాడిలో పాలిథిలీన్ కడ్డీని కరిగించాలి. ఇక్కడ తొందర పనికిరాదు. కడ్డీ ఒక్కటే కరిగి పైన పడితే అది మైనపు బొట్టు కిందే లెక్క. ట్యాంకు గోడ కూడా కరిగి, రెండూ కలవాలి. అలాగని ఎక్కువ వేడి పెడితే గోడకి చిల్లే. నాన్న చెయ్యి ఊపిరి తీసినంత నెమ్మదిగా కదిలింది. మొదటి వరస మీద సన్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ ఒత్తి, దాని మీద ఇంకో వరస పోశాడు. మూడు గంటలు పట్టింది.

పగులు ఎందుకొచ్చిందో నాన్న చూపించాకే నాకు అసలు జబ్బు అర్థమైంది. ట్యాంకు పట్టేది 30 గ్యాలన్లు, అంటే 113 లీటర్లు. నిండితే సుమారు 113 కిలోలు. అంత బరువుని మోసే ఇనప పట్టీకి ఒకవైపు బోల్టు లూజై వేలాడుతోంది. గతుకు తగిలినప్పుడల్లా బరువంతా ఆ గొట్టం మెడ మీదే పడింది. బోల్టు మార్చి, పట్టీకి రబ్బరు వేసి, గొట్టానికి విడిగా ఓ క్లాంపు బిగించాం. అతుకు కంటే ఈ పనే ముఖ్యమని నా అభిప్రాయం. ఇది వదిలేస్తే వెల్డింగ్ పక్కనే ఇంకో పగులు ఖాయం. ఆ బోల్టుని అమ్మకి చూపించాం. చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదా!" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

ట్యాంకు నిండా నీళ్లు పోసి కింద పొడి న్యూస్ పేపర్ పరిచి ఒక రోజంతా ఉంచాం. పేపర్ తడవలేదు. సగం నీళ్లతో ఊళ్లో గతుకుల రోడ్ల మీద తిప్పి మళ్లీ చూశాం. తడవలేదు. అమ్మ సామాన్ల లిస్టు రాయడం మొదలుపెట్టింది. మొదటి వరసలో మంచినీళ్ల బాటిళ్లు, రెండు కేసులు.

గ్రాండ్ క్యాన్యన్ వెళ్లొచ్చాం. బ్లాక్ ట్యాంకు నిండనివ్వకుండా దారిలో దొరికిన ప్రతి డంప్ స్టేషన్లోనూ ఖాళీ చేసుకుంటూ వెళ్లాం. అతుకు అతుకే. వీలు చూసుకుని కొత్త ట్యాంకు వేయించాలి. అప్పటిదాకా మార్కాపురం నుంచి ఎప్పుడు ఫోనొచ్చినా నాన్న మొదటి ప్రశ్న నా ఉద్యోగం గురించి కాదు.

"ఒరేయ్, చెయ్యి పెట్టి చూశావా, చెమ్మేమైనా తగులుతోందా?"