నెమ్ము గోడ మీద మెగ్గర్

కోనసీమలో ఒక విద్యార్థి వసతి గృహం చూసి రాయమని సంపాదకులు పంపారు. వంటశాల, పడక గదులు, కొత్తగా వేసిన రంగులు వార్డెన్ వరసగా చూపించారు. అవి బాగానే ఉన్నాయి. రాయాల్సిన విషయం మాత్రం కింది వరండాలో, స్నానాల గదులను ఆనుకున్న గోడకు ఉంది. అక్కడ ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి ఒకటికి రెండుసార్లు చూసుకుని, స్విచ్‌బోర్డు పలక విప్పుతున్నారు. మరలకు తుప్పు పట్టి గాడి అరిగిపోయింది. లోపల ఇనప డబ్బా అడుగున తుప్పు పొడి పేరుకుంది, పైపు మూతి నుంచి నల్లటి బూజు వైర్ల వెంట దిగి వచ్చింది. రాగి తీగ కొస పచ్చబడింది. ఆయన ఆ కొసను గోటితో గీకి చూశారు, పచ్చదనం పోలేదు. అంత మేరా కత్తిరించి, ఎర్రటి రాగి కనిపించేదాకా మళ్లీ తొడుగు ఒలిచారు. ఇంకోసారి ఇలా కత్తిరించాలంటే డబ్బాలో వైరు పొడవు చాలదు. "బోర్డు మార్చమని రాస్తారండి, మార్చేస్తామండి. గోడ సంగతి మాత్రం ఎవరూ రాయరండి" అన్నారు, ప్రత్యేకించి ఎవరితోనూ కాకుండా.

ఆ మాటలో న్యాయం ఉంది. బోర్డులో బూజు కనిపిస్తే సామాను నాసిరకమనో, పనివాడి తప్పనో తేల్చేస్తాం. నిజానికి వైరు మీది పీవీసీ తొడుగు అంత తేలిగ్గా నీరు పీల్చదు. చెమ్మ దెబ్బ తీసేది తొడుగు ఒలిచిన చోట, అంటే స్విచ్చు మరల దగ్గర. నీరు అక్కడికి చేరే దారి వేసింది మనమే. మేడ మీది స్నానాల గది కారితే ఆ నీరు శ్లాబులో పూడ్చిన పైపులో చేరి, వాలు చూసుకుని కింది డబ్బాలోకి దిగుతుంది. అటు డెల్టా నేలలో నీటిమట్టం పైకే ఉంటుంది. పునాది మీద చెమ్మనాపే పొర లేని గోడ ఆ నీటిని, దాంతో పాటు ఉప్పును పైకి లాగుతుంది. గోడకెక్కిన ఉప్పు ఆపైన గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. ఉప్పు కలిసిన తడి కరెంటుకు మంచి దారి. బూజు చేసే పని ఆ తడినీ దుమ్మునూ పట్టి ఉంచడం. ఫేజు మరకూ డబ్బాకూ మధ్య అలా పరుచుకున్న పొరలో సన్నగా పారే కరెంటు ప్లాస్టిక్ మీద బొగ్గు గీత గీస్తుంది. తడి ఆరిపోయినా ఆ గీత పోదు.

లీకయ్యే కరెంటును పసిగట్టి సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఉంది కదా, ప్రమాదమైతే అదే పడిపోతుంది కదా అనేవారున్నారు. అది ఉండి తీరాలి. ఫేజుకు ఎర్తుకు మధ్య ఇలా సన్నగా లీకయ్యే కరెంటు మామూలు ఎంసీబీకి అసలు తెలియదు. అయితే కాస్త లెక్క వేసి చూద్దాం. 230 వోల్టుల దగ్గర, ఆర్‌సీసీబీ పడిపోయేలా 30 మిల్లీ ఆంపియర్లు లీకవ్వాలంటే ఇన్సులేషన్ నిరోధం సుమారు 7,700 ఓంలకు పడిపోవాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనలు 500 వోల్టుల డీసీ ఒక నిమిషం పాటు ఇచ్చి కొలిస్తే కనీసం ఒక మెగా ఓం, అంటే పది లక్షల ఓంలు, రావాలని పెట్టాయి. పది లక్షల నుంచి కొన్ని వేలకు దిగజారేదాకా ఆర్‌సీసీబీ నోరు విప్పదు. ఆ పతనాన్ని చూపించేది ఇన్సులేషన్ నిరోధం కొలిచే మెగ్గర్. టెస్టరు వెలిగితే కరెంటు ఉందని తెలుస్తుంది గానీ తొడుగు ఎంత బాగుందో తెలియదు. పైగా ఆర్‌సీసీబీ వానాకాలంలో మాటిమాటికీ పడిపోతే దాన్ని తప్పించి లైన్లు నేరుగా కలిపేసే అలవాటు మనకు కొత్త కాదు. గోడ తరఫున ఫిర్యాదు చేస్తున్న ఒక్క సాక్షినీ అలా బయటికి పంపేస్తాం.

డబ్బాను సిలికాన్‌తో గట్టిగా మూసేస్తే సరిపోదా? ఆరుబయట బోర్డుకు వాన జల్లు తగలకుండా మూయడం మంచిదే. పై నుంచి పైపులో నీరు వచ్చే డబ్బాను మూస్తే మాత్రం తొట్టె కట్టినట్టే, వచ్చిన నీరు బయటికి పోలేదు. ముందు కారే చోటు కట్టాలి, ఉప్పెక్కిన ప్లాస్టరు కొట్టేయాలి, గోడ ఆరనివ్వాలి. అంతదాకా ఆగలేకపోతే ఆ గోడలోని లైను వదిలేసి, గోడకు ఎడంగా క్లాంపులు పెట్టి పైపైన పైపు నడిపించాలి. చూడ్డానికి అందంగా ఉండదన్నది నిజమే. వసతి గృహంలో తడి చేతులతో స్విచ్చు వేసే పిల్లలకు ఆ అందంతో పని లేదు.

డబ్బు మాటకొస్తే, అదే డబ్బాలో బోర్డు మీద బోర్డు మార్చే ఖర్చు కూడా డబ్బే. అసలు చిక్కు పని పంపకంలో ఉంది. గోడ సివిల్ అంచనాలోకి, వైరు ఎలక్ట్రికల్ అంచనాలోకి వెళ్తాయి. రెండింటి మధ్య ఉన్న చెమ్మ ఏ కాగితంలోకీ ఎక్కదు. మరమ్మతుల కాలం మరీ విడ్డూరం. పిల్లలు ఇళ్లకు వెళ్లే వేసవిలో పనులు పెడతారు. డెల్టాలో కాలువలు కట్టేసేదీ అప్పుడే. గోడలు ఏడాదిలో అన్నిటికన్నా పొడిగా ఉండే ఆ రోజుల్లో పాత లైను కూడా మెగ్గర్ దగ్గర పాసైపోవచ్చు, పైన రంగు కూడా నిలుస్తుంది. జూన్‌లో బడులు తెరుస్తారు, వెనకే వానలు వస్తాయి. పొడి గోడను పరీక్షించి తడి గోడ పక్కన పిల్లల్ని పడుకోబెడుతున్నాం. కొలవాల్సింది వానలు ముదిరిన ఆగస్టులో ఒకసారి, తుపానుల కాలమైన నవంబరులో ఒకసారి. వచ్చిన అంకె బోర్డు పేరు ఎదురుగా రిజిస్టరులో రాస్తే, ఏ గోడలో నీరు ఏటేటా పెరుగుతోందో సివిల్ ఇంజనీరుకు కూడా కనిపిస్తుంది. దీనికి సెలవులు అక్కర్లేదు. పిల్లలు బడికెళ్లిన వేళ మెయిన్ ఆపి, ఫ్యాన్లూ లైట్లూ విడదీసి, ఒక్కో లైనుకూ ఒక్కో నిమిషం మెగ్గర్ పెడితే చాలు.